ఏ గోడ మీదా లేని పట్టీ

మహజరు కాగితంలో రెండో మధ్యవర్తిని నేను.
తలారి ఉరుకుందు, తండ్రి పేరు పెద్ద తిక్కయ్య.
చదవడం వచ్చు, రాయడం వచ్చు,
వద్దనడం రాదు.

సిరుగుప్ప రోడ్డులో చెక్‌పోస్టు.
కోడి కూయకముందే జీపు పంపి లేపుకపోతారు.
టార్చిలైటు ఒకరు పడతారు, ఇంకొకరు రాస్తారు.
చల్లటి కాగితం అడుగున
నా సంతకం పోయి పండుకుంటుంది.

ఆ పొద్దు పట్టింది మాబున్ని గూడ్సాటో.
బళ్ళారిలో ఉల్లిగడ్డలు దించి
ఖాళీ గోతాలతో తిరిగొస్తాంటే
గోతాల అడుగున నాలుగు పెట్టెలు.
డ్రైవరు పిల్లోడు పత్తిచేలో పడి ఉరికినాడు.
మాబున్ని ఇంట్లో నిద్రపోతాంది.

వాహనం ఒకటి.
పాకెట్లు మూడు వందల ఎనభై నాలుగు.
అంతే రాసినారు.
రాయనివి నేను చూసినాను:
అద్దానికి వేలాడే పసిబిడ్డ చెప్పు,
సీటు కింద దర్గా నెమలీకలు,
కంతుల పుస్తకం, పదహారు కట్టినవి,
ఇరవై ఇంకా కట్టాల్సినవి.

పాకెట్లను మైదానంలో పరిచి
రోడ్డురోలరు తొక్కించినారు. పేపర్లో ఫోటో వచ్చె.
ఆటోకు ఫోటో లేదు.

స్టేషన్ ఎనక దొడ్లో దాన్ని నిలబెట్టినారు.
మొదటి ఎండాకాలం బ్యాటరీ పోయె.
వానలకు స్టెప్నీ పోయె.
తుప్పు తినిందంటారు సారు.
తింటాది, కాదనను.
నట్లు విప్పి ఎత్తుకపోయే తుప్పును మాత్రం
ఈ ఊర్లోనే చూస్తాండా.

ఫైనాన్సోళ్లు మానలేదు.
బండి లేకపోయినా కంతుకు కాళ్లుంటాయి,
నెల తిరిగేసరికి గడప కాడ నిలబడుతుంది.

"మామా, నీ చేతిరాత ఉంది కదా దాని మీద,
నా బండిని ఏం చేసినారు?
అమ్మినారా? ఎంతకి? ఎవురు కొన్న్యారు?"

సచివాలయం గోడ చూడండి.
పింఛను ఎవరికొచ్చె, ఇల్లు ఎవరికొచ్చె,
బర్రెకు అప్పు ఎవరికొచ్చె,
పేరు, ఇంటిపేరు, రూపాయలతో సహా అంటిస్తారు.
అభ్యంతరాలు ఏడు దినాల్లో తెలుపమంటారు.
ఇచ్చింది ఇంత గట్టిగా చెప్పే నోరు
తీసుకున్నది చెప్పేకాడికి
వక్కాకు నమిలినట్ల మూసుకుంటుందేం?

పది రూపాయల అర్జీ పెట్టినాము.
ఎన్ని పట్టినారు, ఎన్ని తిరిగిచ్చినారు,
ఎన్ని వేలం వేసినారు, ఆ డబ్బు ఏ ఖాతాలో పడింది.
మూడు నెలలకు కవరొచ్చె:
'తమరు కోరిన రూపములో సమాచారము
ఈ కార్యాలయమున నిర్వహించబడుట లేదు.'

అంటే ఏంది మామా అనె.
లెక్క లేదంట అంటి.
లెక్క లేదనా,
మనమంటే లెక్కలేదనా? అనె.

ఆ రాత్రి ట్రంకుపెట్టె తెరిచినాను.
పదకొండేండ్ల నోటుబుక్కు. సంతకం పెట్టిన ప్రతిసారీ
ఇంటికొచ్చి రెండు ముక్కలు రాసుకుండేది అలవాటు,
మా నాయన చావుల్ పుట్టుకల్ రాసినట్ల.
ముప్పై ఏడు బండ్లు. రెండు ఎద్దుల జతలు, ఇసుక కేసు.
ఒక కుట్టు మిషను. అది ఎందుకు పట్టినారో
అప్పుడూ తెలియలేదు.

తెల్ల కాగితాల మీద ఎక్కించి
జొన్నగంజితో పింఛన్ల పట్టీ పక్కనే అతికించినాను.
చివర వాళ్ల మాటే రాసినాను:
అభ్యంతరాలున్నచో ఏడు దినములలోపు తెలుపవలెను.

ఎవరు పర్మిషన్ ఇచ్చినారయ్యా నీకు, అనె సెక్రెటరీ.
కింద సంతకం చూడండి సారూ,
పదకొండేండ్లు మీకు చాలిన సంతకమే.

ఆయన చించలేదు. ఎందుకో నాకు తెలీదు.
మధ్యాన్నానికి ఎవరో పెన్సిల్తో ఎక్కించినారు:
'మా అన్నది హీరో హోండా, రంజాను ముందర.'
దాని కింద ఇంకొకటి, అక్షరాలు వంకర.

ఈ పొద్దు అయిదో దినం.
రాత్రి జీపు వచ్చింది, లేపింది, పోతి.
రాసినదంతా చదివి వినిపించమన్నాను,
టార్చి కొంచేపు నా మొహం మీదే నిలబడింది.

మాబున్నికి చదువు రాదు.
పొద్దున్నే వస్తుంది, పైనుంచి వేలితో ఎంచుకుంటా
ఏడో వరస కాడ ఆగుతుంది.
"ఇదే కదా" అంటుంది.
"ఇదే."